తెల్లని నెత్తురు గల చేప



నేడు నేను మీతో ముచ్చటింపదలచినది చేపల నెత్తురును గూర్చి. పంతులుగారికి చేపలతో పనియేమి యని మీలో కొందఱు నవ్వుకొందురేమో! బడిపిల్లలకు పాఠములు చెప్పుచు జీవితము గడపినవాడను. అంతకుమునుపు గురుసన్నిధిని అమరమును, తర్కమును వల్లెవేసినవాడను. ఆ అమరమే, ఆ తర్కమే ఈ చేపల కథలో నాకు మఱల ఎదురైనవి. అందుచేతనే ఈ విషయము నెన్నుకొంటిని.

రక్తమనగా ఎఱ్ఱనైనది యని అర్థము. లోహితమన్నను ఎఱుపే, శోణితమన్నను ఎఱుపే. మన పూర్వులు నెత్తురునకు రంగును బట్టియే ఇన్ని పేళ్లు పెట్టిరి. అట్టిచో 'తెల్లని రక్తము' అనుట 'చల్లని నిప్పు' అన్నట్లుండును. ఐనను, భూగోళపు దక్షిణాగ్రమున అంటార్కిటికా ఖండమును చుట్టియున్న మంచుసముద్రములో, నీరువంటి నెత్తురు గల చేపలు నిజముగా గలవు. మన దేశపు పరిశోధకులు 'మైత్రి' యనియు 'భారతి' యనియు స్థావరములు కట్టుకొన్నది ఆ ఖండముననే. ఈ చేపలు ఎట్లు బ్రతుకుచున్నవో తెలిసికొనవలెనన్నచో ముందుగా ఎఱుపు దేనివలన కలుగుచున్నదో, అది చేయు పని యేమో తెలియవలెను.

నెత్తుటిబొట్టును సూక్ష్మదర్శినితో చూచినచో లెక్కకు మించిన చిన్న బిళ్లలు కనబడును. అవియే ఎఱ్ఱకణములు. వానిలో హీమోగ్లోబిన్ అను మాంసకృత్తు దట్టముగా నిండియుండును. మనుష్యుని ఒక్క కణములోనే దాని అణువులు ఇంచుమించు 27 కోట్లు. ఒక్కొక్క అణువు నాలుగు పోగుల ముడి. అందు రెండు ఒక జాతివి, రెండు మఱియొక జాతివి. వానికి ఆల్ఫా యనియు బీటా యనియు పేళ్లు. పోగనగా అమైనో ఆమ్లములను పూసలవలె గ్రుచ్చిన దండ. మన హీమోగ్లోబిన్‌లో నాలుగు దండలకును కలిపి 574 పూసలు. ప్రతి పోగు మడతలలో హీము అను చిన్న పళ్లెము వంటిది ఒదిగియుండును. దాని నడుమ ఒకే యొక ఇనుప పరమాణువు. ప్రాణవాయువును పట్టుకొనునది ఆ ఇనుమే. లోహితమున లోహమున్నదనుట మాటల గారడి కాదు, యథార్థము.

ఈ నిర్మాణమును వెలికితీసిన మహనీయుడు మాక్స్ పెరుట్జ్. ఆయన ఆస్ట్రియాలో పుట్టి, ఇంగ్లండునందలి కేంబ్రిడ్జిలో 1937వ సంవత్సరమున ఈ పని చేపట్టెను. గుఱ్ఱపు నెత్తుటినుండి తీసిన హీమోగ్లోబిన్ స్ఫటికములపై ఎక్స్‌రే కిరణములను ప్రసరింపజేసి, అవి చెదరు తీరును లెక్కగట్టి, 1959లో దాని ఆకారమును గుర్తించెను. ఒక్క అణువు కొఱకు ఇరువదిరెండేండ్ల తపస్సు! 1962లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను.

ఈ అణువు పనిచేయు విధము చూడుడు. నాలుగు పీటలు గల చిన్న పడవను తలచుకొనుడు. మొదటివాడు ఎక్కునపుడు పడవ ఊగిసలాడును, ఎక్కుట కష్టము. ఒకడు కుదురుగా కూర్చుండినచో పడవ నిలుకడ పొందును. తక్కినవారు సులువుగా ఎక్కుదురు. దిగునపుడును అంతే. ఒకడు దిగినచో తక్కినవారికి దిగుట సులువగును. హీమోగ్లోబిన్ మొప్పలయొద్దనో ఊపిరితిత్తులయొద్దనో నలుగురు ప్రయాణికులను ఎక్కించుకొని, పనిచేయు కండరములయొద్ద దించివేయును. కండరము శ్రమించునపుడు బొగ్గుపులుసుగాలి పుట్టి అక్కడి నెత్తురు కొంచెము పులియును. ఆ పులుపు తగిలినచో పడవ తన ప్రయాణికులను త్వరగా దించును. ఎక్కడ ఎక్కువ పని జరుగుచున్నదో అక్కడనే ఎక్కువ ప్రాణవాయువు దిగునన్నమాట. 1904లో ఈ సంగతిని కనిపెట్టినవాడు డెన్మార్కు దేశీయుడగు క్రిస్టియన్ బోర్.

ఇక చేపల సంగతి. చేప పీల్చునది నీటిలో కరగియున్న గాలిని. నీటిలో ప్రాణవాయువు చాల కొంచెము. నీరు వేడెక్కిన కొలది ఇంకను తగ్గును. 30 డిగ్రీల వెచ్చని మంచినీటిలో లీటరునకు ఏడున్నర మిల్లీగ్రాములు మాత్రమే కరగును. గడ్డకట్టబోవు నీటిలో 14 మిల్లీగ్రాములకు పైగా, అనగా ఇంచుమించు రెట్టింపు, కరగును. వేసవిలో, నీరు తగ్గిన చెఱువున, తెల్లవాఱుజామున చేపలు నోళ్లు పైకెత్తి గుటకలు వేయుట మీరెఱుగనిది కాదు. మన కొఱ్ఱమీను మాత్రము పైకి వచ్చి గాలినే మ్రింగి బ్రతుకును. వెచ్చని నీటి చేపకు కొఱత ప్రాణవాయువునది. చల్లని నీటి చేపకు ఆ కొఱత లేదు. దాని చిక్కులు వేఱు.

అవి మూడు. మొదటిది: చలిలో హీమోగ్లోబిన్ పిడికిలి బిగియును. వాయువును పట్టుకొనును గాని సులువుగా విడువదు. పిసినారి చేతి ధనమువలె ఉన్నను పనికిరాదు. రెండవది: చలిలో నెత్తురు చిక్కబడును. మాఘమాసపు చలిలో కొబ్బరినూనె ఏమగునో మీకు తెలియును. ఎఱ్ఱకణములు దట్టముగా నున్నచో ఆ చిక్కదనము మఱింత హెచ్చి గుండెకు భారమగును. మూడవది: సముద్రజలము ఉప్పదనముచేత సున్నకు దిగువ 1.9 డిగ్రీల వఱకు గడ్డకట్టదు. సామాన్యముగా చేప నెత్తురు అంతకుముందే గడ్డకట్టవలెను.

ఈ చిక్కులను చేపలు వేఱువేఱు విధముల దాటినవి. కొండవాగుల చల్లని నీటిలో బ్రతుకు ట్రౌటు చేపను చూడుడు. ఆంగ్లేయుల కాలమున దీనిని కాశ్మీరమునకును నీలగిరులకును తెచ్చి విడిచిరి. దీని నెత్తుటిలో హీమోగ్లోబిన్ ఒక్క విధము గాక పలు విధములున్నవి. ఒక విధము పులుపు తగిలినంతనే వాయువును విడిచివేయును. ఆ గుణముచేతనే చేప తన గాలితిత్తిలోనికిని కంటిలోనికిని ప్రాణవాయువును నింపుకొనగలుగుచున్నది. 1931లో ఈ గుణమును వర్ణించిన రూట్ అను శాస్త్రజ్ఞుని పేరే దానికి నిలిచినది. కాని ఏటికెదురీది చేప అలసినప్పుడు దేహమంతటను నెత్తురు పులియును. అప్పుడా విధము మొప్పలయొద్ద సైతము వాయువును నిండుగా ఎత్తుకొనజాలదు. ఆ సమయమున పులుపునకు చలింపని రెండవ విధము పని నడుపును. సంసారము నడుపు ఇల్లాలు కొంత ధాన్యము గాదెలోను, కొంత పాతరలోను దాచునట్లు ప్రకృతి ఇక్కడ రెండు దారులుంచినది.

దక్షిణ సముద్రపు చేపలలో నోటోథీనియా వంశమువారిది వేఱొక పద్ధతి. అక్కడ ఏడాది పొడుగునను చలియే, మార్పు లేదు. వీనిలో పెక్కింటికి ముఖ్యమైన హీమోగ్లోబిన్ ఒక్కటే. దాని పిడికిలి సహజముగా వదులు. కావున చలి బిగించినను వాయువును విడువగలదు. ఎఱ్ఱకణములును తక్కువ, కావున నెత్తురు పలుచన. గడ్డకట్టకుండుటకు వీని నెత్తుటిలో చక్కెరతో గూడిన యొక మాంసకృత్తు ఉన్నది. అది పుట్టుచున్న మంచురవ్వలకు అంటుకొని వానిని పెరుగనీయదు. 1960 దశకమున ఆర్థర్ డివ్రీస్ ఈ రహస్యమును బయటపెట్టెను.

ఎఱుపును తగ్గించుకొనుచు వచ్చిన ఈ వంశమున ఒక శాఖ ఎఱుపును పూర్తిగా కోల్పోయినది. అవియే మంచుచేపలు. ఇవి 16 జాతులు. పొలుసు లేని దేహము, మొసలి మూతి వంటి మూతి, మీగడవంటి తెల్లని మొప్పలు, నీరువంటి నెత్తురు.

వీనిని లోకము నమ్మిన కథయు వినదగినదే. 1929లో యోహాన్ రూడ్ అను నార్వే దేశపు యువశాస్త్రజ్ఞుడు తిమింగలముల వేటనావలో దక్షిణ సముద్రమునకు పోయెను. అక్కడి వేటగాండ్రు నెత్తురులేని చేపలున్నవని చెప్పగా అతడు నమ్మలేదు. వెన్నెముక గల జంతువునకు ఎఱ్ఱని నెత్తురు లేకుండుట శాస్త్రమునకు ఎక్కడను తెలియని విషయము గదా! స్వదేశము చేరిన పిమ్మట, రుస్టాడ్ అను మఱియొక నార్వే శాస్త్రజ్ఞుడు 1927లో బూవే దీవి చెంత పట్టిన తెల్లచేప ఛాయాచిత్రములను అతనికి చూపెను. ఆ మాట రూడ్ మనస్సున నాటుకొనిపోయెను. తుదకు 1953లో అతడు దక్షిణ జార్జియా దీవికి పోయి, చేపలను పట్టించి, నెత్తురును పరీక్షించి, ఎఱ్ఱకణములును హీమోగ్లోబినును లేవని 1954లో లోకమునకు చాటెను.

న్యాయభాష్యమున వాత్స్యాయనుడు ఆప్తుడెవడో చెప్పుచు, విషయమును స్వయముగా ఎఱిగి ఉన్నదున్నట్లు చెప్పువాడే ఆప్తుడనియు, ఈ లక్షణము ఋషులకును ఆర్యులకును మ్లేచ్ఛులకును సమానమనియు వ్రాసెను. ఆ వేటగాండ్రు చదువరులు కారు. కాని తాము చూచినది చెప్పిరి. వారి వాక్యము ప్రమాణమని తేలుటకు ఇరువది యేండ్లకు పైగా పట్టినది.

ఐనచో హీమోగ్లోబిన్ లేక ఆ చేప ఎట్లు బ్రతుకుచున్నది? అంకెలు చూడుడు. మనుష్యుని నెత్తురు 100 మిల్లీలీటర్లలో 20 మిల్లీలీటర్ల ప్రాణవాయువు పట్టును. అదే సముద్రమున ఎఱ్ఱని నెత్తురు గల చేపలను పరీక్షింపగా రూడునకు ఇంచుమించు ఆఱు మిల్లీలీటర్లు కనబడెను. మంచుచేప నెత్తుటిలో ముక్కాలు మిల్లీలీటరునకును లోపే. ఆ కొంచెమును నీటిలో కరగినట్లే నెత్తుటిలో ఊరక కరగియుండునది.

ఈ కొఱతను తీర్చుటకు ఆ దేహము ఎన్ని ఏర్పాట్లు చేసికొన్నదో! దాని గుండె తోటి చేపల గుండెకంటె చాల పెద్దది. నెత్తురు రెండు మొదలు నాలుగు రెట్లు ఎక్కువ. రక్తనాళములు వెడల్పు. పొలుసులు లేని చర్మము గుండ కొంత వాయువు లోనికి దిగును. అది మెల్లగా కదలును. ఎక్కువసేపు నిశ్చలముగా పడియుండును. చుట్టునున్న చల్లని నీరు వాయువుతో నిండియున్నది. చలిచేత దేహపు మంటయు మందము. కావలసిన ఇంధనము తక్కువ.

ఇక్కడ నాకు తర్కము జ్ఞాపకము వచ్చినది. పొగ యున్నచోటనెల్ల నిప్పుండును, ఇది సత్యము. నిప్పున్నచోటనెల్ల పొగ యుండునా? ఉండదు. ఎఱ్ఱగా కాలిన ఇనుపగుండున నిప్పున్నది, పొగ లేదు. పచ్చికట్టె తగిలినప్పుడే నిప్పునకు పొగ. ఆ పచ్చికట్టెను తార్కికులు 'ఉపాధి' యందురు. 'వెన్నెముక గల జంతువునకు ఎఱ్ఱని నెత్తురుండి తీఱవలెను' అను నియమమునకును అట్టి ఉపాధి యొకటి ఉన్నది. అది నీటి వెచ్చదనము, వాయువు కొఱత, దేహపు చుఱుకుదనము. ఇవి లేనిచోట ఆ నియమము సడలినది. మంచుచేప హీమోగ్లోబిన్ నిరర్థకమని చాటుటలేదు. చలి తనకు అండయై నిలిచినంతకాలమే అది లేక నడచునని చాటుచున్నది.

దీనికి పరీక్షయు జరిగినది. కుంపటి పొగలోని విషవాయువు హీమోగ్లోబిన్‌ను పట్టి దాని పీటలను మూసివేయునని మీరు వినియుందురు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించినవారు చనిపోవుట దానివలననే. దక్షిణ సముద్రపు ఎఱ్ఱనెత్తుటి చేపలకు ఈ వాయువు పట్టించి చూచినను అవి బ్రతికియున్నవని 1992లో ప్రకటించిరి. కదలక మెదలక యున్నప్పుడు చల్లని నీటిలో కరగిన వాయువే వానికి చాలినదన్నమాట.

అట్లైనచో హీమోగ్లోబిన్‌ను విడిచిపెట్టుట లాభమైనదా, నష్టమైనదా? నెత్తురు పలుచబడినది గనుక లాభమే యని మొదట పలువురు తలచిరి. కాని లెక్క తీయగా వేఱుగా తేలినది. విశ్రాంతిగా నున్న మంచుచేప తాను వ్యయము చేయు శక్తిలో అయిదవవంతునకు పైగా ఒక్క గుండె కొట్టుకొనుటకే ఖర్చుపెట్టుచున్నదనియు, సమశీతల జలముల చేపలకు ఆ ఖర్చు నూటికి అయిదు పాళ్లకు మించదనియు 2006లో శాస్త్రజ్ఞులు వ్రాసిరి. సరకు లేని బండిని పగలు రేయి నడుపుచున్నట్లున్నది! వంశబీజములను పరీక్షింపగా 1995లో మఱియొక సంగతి తెలిసినది. బీటా పోగును నేయు బీజము జాడలేక పోయినది; ఆల్ఫా పోగు బీజమునకు చిఱిగిన ముక్క మాత్రము మిగిలినది. పడిపోయిన యింటికి పునాదిరాళ్లు మిగిలినట్లు, ఈ చేప పూర్వులకు ఎఱ్ఱని నెత్తురుండెననుటకు ఆ ముక్కయే సాక్షి. ఇది వరము కాదు, నష్టమే. ఆ నష్టమును చల్లని నీరు భరించినది గనుక వంశము నిలిచినది.

నిలుచుటయే కాదు, వర్ధిల్లినదియు. 2021లో పోలార్‌స్టెర్న్ అను జర్మను పరిశోధక నౌక వెడెల్ సముద్రపు అడుగున మంచుచేపల గూళ్లను కనుగొన్నది. సుమారు 240 చదరపు కిలోమీటర్ల మేర, ఇంచుమించు ఆఱు కోట్ల గూళ్లుండునని అంచనా. గులకరాళ్ల నడుమ గుడ్లు పెట్టి పెద్దచేప కావలి కాయుచుండునట!

కాని అండ కదలినప్పుడు? మంచుచేపలు వేడికి ఓర్చుటలో ఎఱ్ఱనెత్తుటి జ్ఞాతులకంటె తక్కువవని 2011లో ప్రకటింపబడిన పరిశోధన చెప్పుచున్నది. నీరు వేడెక్కినచో కరగిన వాయువు తగ్గును. దేహపు ఆకలి పెరుగును. మోయుటకు పడవ లేదు. అంటార్కిటికా ద్వీపకల్పమునకు పడమట వేసవియందలి పైనీరు 1950 దశకమునుండి ఒక డిగ్రీకి పైగా వేడెక్కినదని 2005లో తేల్చిరి. ఒక డిగ్రీ మనకు లెక్కలోనిది కాదు. ఆ చేపకు అది ప్రాణముతో పని. పోయిన బీజము పిలిచిన తిరిగిరాదు.

పెద్దలారా, ఈ కథ మనకేల? మన యిండ్లలోను పాలిపోయిన నెత్తురు గలవారున్నారు. మన శాస్త్రమున దీనిని పాండురోగమనిరి, పాండువనగా తెల్లబాఱుట. చరకసంహితలో పాండుచికిత్సయందు ఇనుము చేరిన యోగములు చెప్పబడియున్నవి. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనలో, ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను కూడ, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో సగముకంటె ఎక్కువమందికి హీమోగ్లోబిన్ తక్కువగా నున్నట్లు తేలినది. మంచుచేపకు గుండె పెరిగినట్లే, నెత్తురు తగ్గిన మనుష్యునకును గుండె వేగముగా కొట్టుకొని ఆ కొఱతను పూడ్చజూచును. మెట్లెక్కినచో ఆయాసము, గుండెదడ, కన్నులు తిరుగుట దాని గుఱుతులు. కొఱత ముదిరి చిరకాలముండినచో గుండెయే అలసి చెడును.

భేదమొక్కటే. ఆ చేపకు మంచుసముద్రము అండగా నున్నది. ఎండలో నాట్లు వేయు ఆడుకూతురునకు, నీళ్లబిందె మోయు కోడలికి, ప్రసవమునకు సిద్ధమగుచున్న మనుమరాలికి అట్టి అండ యేదియు లేదు. మన దేహము వెచ్చనిది, మన పని చుఱుకైనది. ఎఱుపు లేక మనకు క్షణము గడవదు. కావున ఇంటి పెద్దలైనవారు 'ఆడవారికి నీరసము మామూలే' యని ఊరకుండరాదు. ఆసుపత్రిలో ఒక్క బొట్టు నెత్తురుతో ఈ కొఱత తెలియును. కారణము తెలిసికొని వైద్యుడు చెప్పిన మందును వాడవలెను. గర్భిణులకు ఇచ్చు ఇనుపమాత్రలు చూరులో దాగక నోటికి చేరుచున్నవో లేవో చూడవలెను. ఇంటివారందఱు తిన్న తరువాత మిగిలినది తినుట యను ఆచారమును మాన్పవలెను. మాన్పగలవారు మీరే.

నెత్తుటిలోని యొక్క ఇనుపరేణువు విలువను, అది లేని చేప మనకు చెప్పినంత స్పష్టముగా ఉన్న జంతువేదియు చెప్పలేదు.